నెదర్లాండ్స్‌లో ఇద్దరు పిల్లలతో కారు లేకుండా, సైకిళ్ళ మీదే సంసారం నడుస్తుందా? స్కూటర్ కొనుక్కోవడం మంచిదా?

మీరు అడిగినది క్లుప్తంగా ఇది: మీవారికి ఐండ్‌హోవెన్ పక్కన ఉద్యోగం ఖాయమైంది. తొమ్మిదేళ్ళ పాప, నాలుగేళ్ళ బాబు ఉన్నారు. వెళ్ళగానే కారు కొనే ఉద్దేశం లేదు. హైదరాబాద్‌లో మీరు రోజూ స్కూటీ మీదే తిరుగుతారు గనుక అక్కడా ఒక స్కూటర్ కొనుక్కుంటే సరిపోతుందా, లేక సైకిలే గతా? వానలో, చలిలో పసివాళ్ళను సైకిల్ మీద తిప్పడం ప్రమాదం కాదా?

మేము ఆ ఊళ్ళోనే ఉంటున్నాం. మావారి ఆఫీసు పక్కనే ఉన్న వెల్ద్‌హోవెన్‌లో. మాకూ ఇద్దరు పిల్లలే, కారు లేదు. నాలుగు సైకిళ్ళు, మావారి మోటార్‌సైకిల్ ఒకటి, ఇదే మా ఇంటి వాహన సంపద.

నడుస్తుందండి, నిక్షేపంగా నడుస్తుంది. దీనికి పెద్ద ధైర్యం కానీ, కండబలం కానీ అక్కర్లేదు. సగం పని రోడ్డే చేసి పెడుతుంది. కార్ల రోడ్డుకు పక్కన, మధ్యలో గట్టు కట్టి, ఎర్రటి తారు వేసిన సైకిల్ బాట విడిగా ఉంటుంది. పెద్ద కూడళ్ళలో సైకిళ్ళకు వేరే సిగ్నల్ ఉంటుంది, దాన్ని నొక్కే బటన్ సైకిల్ దిగకుండానే చేతికి అందే ఎత్తులో ఉంటుంది. ఇళ్ళ మధ్య వీధుల్లో విడి బాట ఉండదు కానీ అక్కడ కార్ల వేగానికి గంటకు 30 కిలోమీటర్ల హద్దు పెట్టి, ఇటుకలు పరిచి, మలుపులు పెట్టి, వేగంగా వెళ్దామన్నా వెళ్ళలేని విధంగా కట్టారు. రద్దీ ఎక్కువగా ఉన్న చోట సైకిళ్ళకు సొరంగమో వంతెనో ఉంటుంది. మావారు ఆఫీసుకు వెళ్ళే దారిలో హోవెన్‌రింగ్ వస్తుంది. కార్ల కూడలికి పైన, 70 మీటర్ల స్తంభం నుంచి 24 ఉక్కు తీగలతో వేలాడదీసిన 72 మీటర్ల వ్యాసం గల గుండ్రటి వంతెన అది. సైకిళ్ళకూ నడిచేవాళ్ళకూ మాత్రమే. 2012లో పూర్తిగా వాడుకలోకి వచ్చింది. కింద కార్లు సిగ్నల్ దగ్గర ఆగి ఉంటే పైన సైకిళ్ళు ఆగకుండా తిరిగి వెళ్ళిపోతుంటాయి. మీరు వచ్చిన మొదటి వారంలోనే పిల్లలను తీసుకెళ్ళి చూపించండి.

ఈ దేశం పుట్టుకతోనే ఇలా లేదు, అది మీరు తెలుసుకోవాలని నా కోరిక. రెండో ప్రపంచ యుద్ధం తరువాత ఇక్కడా కార్లు విపరీతంగా పెరిగాయి, వాటి కోసం వీధులు వెడల్పు చేశారు. 1971లో రోడ్డు ప్రమాదాల్లో 3,300 మంది దాకా చనిపోయారు, వారిలో 400 మందికి పైగా పిల్లలు. కూతురిని పోగొట్టుకున్న ఒక పత్రికా రచయిత రాసిన వ్యాసం నుంచి, ‘పిల్లల హత్యలు ఆపండి’ అనే ఉద్యమం పుట్టింది. తల్లిదండ్రులు పిల్లలతో కలిసి రోడ్ల మీద కూర్చున్నారు. 1973లో చమురు సంక్షోభం వచ్చి, ఆ నవంబరు 4 నుంచి ఆదివారాలు కార్లు తీయకూడదని ప్రభుత్వం నిషేధం పెట్టింది. ఆ ఖాళీ రోడ్ల మీద జనం సైకిళ్ళు తొక్కారు. తరువాతి ఏళ్ళలో మా ఊరికి దగ్గరే ఉన్న టిల్‌బర్గ్‌లోనూ, హేగ్‌లోనూ ప్రభుత్వ ఖర్చుతో నమూనా సైకిల్ బాటలు వేశారు. ఇవాళ దేశంలో జనం చేసే ప్రయాణాల్లో నాలుగింట ఒక వంతుకు పైగా సైకిల్ మీదే. తల్లులు, తండ్రులు పట్టుబట్టి సాధించుకున్న బాటలు ఇవి. మా పాప ఆ బాట మీద ఒంటరిగా బడికి వెళ్తుంటే నాకు ఆ తల్లిదండ్రులే గుర్తుకు వస్తారు.

ఇక మీ బాబు సంగతి. ఎనిమిదేళ్ళ లోపు పిల్లలను సైకిల్ మీద ఎక్కించుకుంటే వీపుకూ పాదాలకూ ఆసరా ఉన్న సీటు ఉండి తీరాలి. మన దగ్గరలా ముందు కడ్డీ మీద కూర్చోబెట్టడం కుదరదు. వెనక క్యారియర్‌కు బిగించే సీటు ఒక పద్ధతి. రెండోది బాక్‌ఫీట్స్, అంటే ముందు భాగంలో పెద్ద చెక్కపెట్టె ఉన్న సైకిల్. పెట్టెలో బల్ల, బెల్టులు, వానకు పైన పారదర్శకమైన గుడారం ఉంటాయి. ఇద్దరు పిల్లలు, వాళ్ళ సంచులు, కూరగాయలు అన్నీ అందులోనే పడతాయి. బ్యాటరీ ఉన్నవి కొత్తవైతే నాలుగు వేల యూరోలకు పైమాటే, కాబట్టి మొదట పాతది వెతకండి. పిల్లలు ఎదిగిన ఇళ్ళవాళ్ళు వీటిని అమ్మేస్తుంటారు. మేము అలాంటిదే కొన్నాం. మా అత్తయ్య ఖమ్మం నుంచి వచ్చినప్పుడు ఆ పెట్టెలో మెత్త వేసుకుని, ఒళ్ళో మనవడిని, పక్కన పులిహోర గిన్నెను పెట్టుకుని ఉగాది వేడుకకు వచ్చారు. దారి పొడవునా ఎదురైనవాళ్ళు ఆవిడకు చెయ్యి ఊపారు, ఆవిడ అందరికీ నమస్కారం పెట్టారు.

మీ పాపకు తొమ్మిదేళ్ళు అన్నారు. ఆమెకు వెంటనే సొంత సైకిల్ కొనండి, ఇందులో వెనకాడవద్దు. తోటి పిల్లలంతా సైకిల్ మీదే బడికీ ఈతకూ స్నేహితుల ఇళ్ళకూ వెళ్తారు. సైకిల్ లేని పిల్ల ఒంటరిదైపోతుంది. ప్రాథమిక బడి చివరి ఏళ్ళలో, అంటే పదీ పన్నెండేళ్ళ మధ్య, ట్రాఫిక్ పరీక్ష పెడతారు. మొదట కాగితం మీద, తరువాత రోడ్డు మీద. మా పాప పరీక్ష నేను దగ్గరుండి చూశాను. ముందురోజే సైకిళ్ళను తనిఖీ చేశారు. బ్రేకు పడుతోందా, బెల్లు మోగుతోందా, ముందూ వెనకా దీపాలు వెలుగుతున్నాయా, పెడళ్ళకు మెరిసే ముక్కలు ఉన్నాయా అని ఒక్కొక్కటీ చేత్తో పట్టి చూశారు. మర్నాడు పిల్లలు అంకె వేసిన చొక్కాలు తొడుక్కుని, కొంత కొంత ఎడంతో, ఒక్కొక్కరుగా ఊళ్ళోకి బయలుదేరారు. వీధి మలుపుల్లో స్వచ్ఛంద సేవకులు చేతిలో కాగితం పట్టుకుని నిలబడి, పిల్ల వెనక్కి తిరిగి చూసిందా, చెయ్యి చాపిందా, కుడి నుంచి వచ్చే బండికి దారి ఇచ్చిందా అని గుర్తులు వేసుకున్నారు. పదేళ్ళ పిల్లలను ఊరి రోడ్డు మీద ఊరే పరీక్షించడం నాకు చాలా నచ్చింది. మీ పాప వచ్చేసరికి ఆ పరీక్షకు ఒకటి రెండేళ్ళ వ్యవధి ఉంటుంది, ఆలోగా మీతో పాటు తిరిగి అన్నీ నేర్చుకుంటుంది.

నియమాలలో మూడు మాత్రం విమానం దిగేలోపే మనసులో పెట్టుకోండి. ఇక్కడ బండ్లన్నీ రోడ్డుకు కుడి పక్కన నడుస్తాయి. మనకు ఎడమ అలవాటు కాబట్టి ఖాళీ వీధిలో మలుపు తిరిగేటప్పుడే పొరపాటు జరిగే అవకాశం ఎక్కువ. రెండోది, గుర్తులేమీ లేని కూడలిలో కుడి పక్క నుంచి వచ్చేవారికి దారి ఇవ్వాలి, వచ్చేది కారైనా సైకిలైనా సరే. మూడోది, రోడ్డు మీద తెల్లటి త్రికోణాల వరుస గీసి ఉంటుంది. వాటి కొనలు మీ వైపు చూస్తుంటే ఆగాల్సింది మీరే. ఇవి కాక, తిరిగే ముందు చెయ్యి చాపడం తప్పనిసరి, తొక్కుతూ ఫోను చేత్తో పట్టుకోవడం 2019 జులై నుంచి నేరం. ట్రాము ఉన్న ఊళ్ళకు వెళ్తే పట్టాలను వీలైనంత అడ్డంగా దాటాలి. ఏటవాలుగా వెళ్తే ముందు చక్రం గాడిలో ఇరుక్కుంటుంది.

ప్రమాదం గురించి అడిగారు. తలకు హెల్మెట్ పెట్టాలని సైకిల్ తొక్కేవాళ్ళను చట్టం అడగదు, ఎక్కువమంది పెట్టుకోరు. మా పిల్లలకు మాత్రం మేము పెడతాం, మీరూ పెట్టండి. అందరూ పెట్టుకోవడం లేదని పిల్లలు మారాం చేస్తారు, అయినా సరే. చట్టం ఇంకో వైపు నుంచి కాపాడుతుంది. 14 ఏళ్ళ లోపు పిల్లలను మోటారు వాహనం ఢీకొంటే, పిల్లల వైపు తప్పు ఉన్నా, కావాలని చేస్తే తప్ప, పరిహారం భారం మొత్తం వాహనదారుడి మీదే పడుతుంది. దాంతో కారు నడిపేవాళ్ళు బడి పరిసరాల్లో ఎంతో జాగ్రత్తగా ఉంటారు. పైగా వాళ్ళూ రోజూ సైకిల్ తొక్కేవాళ్ళే, వాళ్ళ పిల్లలూ ఆ బాట మీదే ఉంటారు.

పదో తరగతి తరువాత సైకిల్ ముట్టుకోలేదని రాశారు. దానికి దిగులు పడకండి. ఆడవాళ్ళకు సైకిల్ నేర్పే తరగతులు ఇక్కడ చాలా ఊళ్ళలో నడుస్తాయి. సిరియా, మొరాకో, సోమాలియా నుంచి వచ్చిన తల్లులు అక్కడ నేర్చుకుంటూ కనిపిస్తారు. మీకు స్కూటీ అలవాటు ఉంది గనుక బ్యాలెన్సు వారంలో తిరిగి వస్తుంది. ఒక్క విషయం గుర్తుంచుకోండి. ఇక్కడ చాలా సైకిళ్ళకు, ముఖ్యంగా పిల్లల వాటికి, చేతి బ్రేకు ఉండకపోవచ్చు. పెడల్‌ను వెనక్కి తొక్కితేనే బ్రేకు పడుతుంది. సిగ్నల్ దగ్గర కాలు సర్దుకోవడానికి పెడల్‌ను వెనక్కి తిప్పడం మనకు అలవాటు. ఇక్కడ అలా తిప్పితే బండి అక్కడికక్కడే ఆగిపోతుంది. కొనే ముందు ఏ బ్రేకో చూసుకుని, ఖాళీ స్థలంలో సాధన చేయండి.

చీర కట్టుకుని తొక్కవచ్చా అని మీరు అడగలేదు కానీ చెబుతాను, ఎందుకంటే నేను చాలామందితో ఈ మాట చెప్పాను. హాయిగా తొక్కవచ్చు. డచ్చి సైకిల్‌కు చైను మొత్తం పెట్టెలో మూసి ఉంటుంది, వెనక చక్రానికి రెండు వైపులా పైసగం కప్పి ఉంటుంది. పొడవాటి కోట్లు చక్రంలో పడకుండా వాళ్ళు పెట్టుకున్న ఏర్పాటు అది. మన మోటార్‌సైకిళ్ళకు ఉండే చీర గార్డు చేసే పనే అదీ చేస్తుంది. సీటు ముందు అడ్డకడ్డీ లేని చట్రం తీసుకోండి, కొంగును నడుముకు దోపి పిన్ను పెట్టండి, కుచ్చిళ్ళు చీలమండ పైకి ఉండేలా కట్టండి. దీపావళికి పట్టుచీరల్లో పదిమందిమి వరుసగా సైకిళ్ళ మీద వెళ్ళే దృశ్యం మా పేటలో అందరికీ అలవాటైపోయింది. సరుకుల సంగతీ అంతే. వెనక క్యారియర్‌కు రెండు పక్కలా వేలాడే సంచులు కొనండి. సోనా మసూరి అయిదు కిలోల సంచులు చెరో పక్కన వేస్తే బరువు సమంగా ఉంటుంది. పది కిలోల సంచిని ఒక పక్కనే వేసి బయలుదేరితే మలుపులో బండి లాగేస్తుంది.

వాన, చీకటి, గాలి, ఈ మూడింటిలో వానకు అందరూ భయపడతారు కానీ నిజంగా అలసట కలిగించేది గాలి. ఇది చదునైన దేశం, ఎత్తుపల్లాలు లేవు, ఎదురుగాలే ఇక్కడి కొండ. బడికి దూరంగా ఇల్లు చూసుకోవద్దు అనేది అందుకే. పెద్దవాళ్ళం ఎలాగైనా తొక్కుతాం, ఏడేళ్ళ పిల్ల ఎదురుగాలిలో మూడు నాలుగు కిలోమీటర్లు తొక్కితే బడికి చేరేసరికే నీరసపడుతుంది. వానకైతే పై చొక్కాతో పాటు ప్యాంటు కూడా ఉన్న మంచి రెయిన్‌సూట్, బూట్ల మీద తొడుగులు కొనండి. గొడుగు పట్టుకుని తొక్కాలని చూడకండి, గాలికి తిరగబడుతుంది. బెయన్‌రాదార్ అనే వాన యాప్ ప్రతి ఫోనులోనూ ఉంటుంది, రాబోయే రెండు గంటల్లో ఎప్పుడు పడుతుందో నిమిషాల లెక్కన చూపిస్తుంది. పది నిమిషాలు ఆగి బయలుదేరితే చాలాసార్లు తడవకుండా చేరతాం. ఆగినా తగ్గకపోతే తడుస్తూనే వెళ్తాం. ‘నువ్వేమీ చక్కెరతో చేసిన బొమ్మవు కాదు’ అని ఇక్కడివాళ్ళు పిల్లలతో అంటారు. మా పిల్లలు ఇప్పుడు వాళ్ళ నానమ్మతో అదే అంటున్నారు.

చీకటి విషయంలో మాత్రం రాజీ పడకండి. డిసెంబరులో సూర్యోదయం ఉదయం ఎనిమిదిన్నర దాటాకే, సాయంత్రం నాలుగున్నరకే చీకటి. అంటే పిల్లలు బడికి వెళ్ళేది చీకట్లోనే. ముందు తెల్ల దీపం, వెనక ఎర్ర దీపం లేకుండా తొక్కితే జరిమానా కూడా పడుతుంది. గుండీకి తగిలించే చిన్న దీపాల్లో చార్జింగ్ సాయంత్రానికి అయిపోతుంది. చక్రంతో పాటు తిరిగే డైనమో దీపాలున్న సైకిల్ కొంటే ఆ బెంగ ఉండదు. మంచు గడ్డకట్టిన రోజు పెద్ద సైకిల్ బాటల మీద మునిసిపాలిటీ ఉప్పు చల్లుతుంది, ఇళ్ళ మధ్య ఇటుకల వీధుల్లో చల్లకపోవచ్చు. ఆ రోజు మేము నడిచే వెళ్తాం.

ఇక స్కూటర్. ఇందులో మీకు కొంత నిరాశ కలుగుతుందేమో. మన 110 సీసీ స్కూటీ లాంటిది ఇక్కడ లెక్కలో మోటార్‌సైకిల్. దానికి మోటార్‌సైకిల్ లైసెన్సే కావాలి. స్కూటర్లుగా వీధుల్లో కనిపించేవి 50 సీసీ వరకు లేదా బ్యాటరీవి, రెండు రకాలు. నీలి నంబరు పలక ఉన్నది గంటకు 25 కిలోమీటర్లు మించకూడదు, పసుపు పలక ఉన్నది 45. రెండింటికీ లైసెన్సు, బీమా, హెల్మెట్ తప్పనిసరి. నీలి పలకవాటికి హెల్మెట్ నిబంధన 2023 జనవరి 1 నుంచి వచ్చింది. 25 కిలోమీటర్ల వేగానికి అంత ఖర్చు ఎందుకు? బ్యాటరీ సైకిల్ కూడా 25 వరకు సాయం చేస్తుంది. దానికి లైసెన్సు లేదు, బీమా తప్పనిసరి కాదు, సైకిల్ బాటలన్నీ దానివే. కాబట్టి మీరు స్కూటర్ ఆలోచన మానుకుని ఆ డబ్బుతో బ్యాటరీ సైకిల్ కొనండి. స్కూటీ నడిపినంత సులువుగానే ఉంటుంది, వెనక బాబు సీటు కూడా బిగించుకోవచ్చు.

మోటార్‌సైకిల్ వేరే కథ. మావారు కొంతకాలం డెన్ బాష్ అనే ఊరి దాకా వెళ్ళి పనిచేయాల్సి వచ్చింది. ఏ2 హైవే మీద పొద్దున వాహనాలు ఆగిపోయినప్పుడు, వరుసల మధ్య నుంచి నెమ్మదిగా ముందుకు వెళ్ళడానికి ఇక్కడ మోటార్‌సైకిళ్ళను వెళ్ళనిస్తారు, కారువాళ్ళు పక్కకు జరిగి దారి కూడా ఇస్తారు. ఆ అవసరానికి కొన్నది ఇప్పుడు ఆదివారాలకు మిగిలింది. చేతి తొడుగులు, మోకాళ్ళకు రక్షణ ఉన్న ప్యాంటు, బూట్లు లేకుండా ఆయన దాన్ని బయటికి తీయరు. ఒక బండి మీద నలుగురం కూర్చుని సినిమాకు వెళ్ళిన రోజులు విజయవాడలో ఉండేవి. ఇక్కడ ఒకరు వెనక కూర్చోవచ్చు, అంతే. కుటుంబ వాహనంగా అది పనికిరాదు. రోజువారీ జీవితానికి సైకిలు, ఊరు దాటితే రైలు.

రైలుతో సైకిల్‌ను కలపడం నేర్చుకుంటే కారు లేని లోటు నిజంగా తెలియదు. స్టేషన్ దాకా సైకిల్ మీద వెళ్ళి, అక్కడి పార్కింగులో పెట్టి రైలెక్కుతాం. పెద్ద స్టేషన్ల కింద సైకిళ్ళ కోసమే పార్కింగులు ఉంటాయి. ఉట్రెక్ట్ స్టేషన్ దగ్గర ఉన్నదానిలో 12,500 సైకిళ్ళు పడతాయి, మొదటి 24 గంటలు ఉచితం. దిగిన ఊళ్ళో స్టేషన్ నుంచే పసుపు నీలం రంగుల అద్దె సైకిల్ తీసుకోవచ్చు. మన సైకిల్‌నే రైల్లో ఎక్కించాలంటే విడిగా టికెట్టు కొనాలి, పనిరోజుల్లో ఉదయం ఆరున్నర నుంచి తొమ్మిది వరకు, సాయంత్రం నాలుగు నుంచి ఆరున్నర వరకు ఎక్కించనివ్వరు. మడిచే సైకిల్‌కు ఈ బాధ లేదు.

దొంగతనాలు ఉన్నాయి, దాచడం దేనికి. ఎంతటి పాత సైకిల్‌కైనా రెండు తాళాలు వేయండి, ఒకటి వెనక చక్రానికి ఉండే గుండ్రటి తాళం, రెండోది కదలని కడ్డీకి కట్టే మందపాటి గొలుసు. బ్యాటరీ సైకిల్‌కైతే దొంగతనం బీమా కూడా తీసుకోండి. వీధిలో ఎవరైనా మరీ చవకగా అమ్మజూపితే కొనవద్దు, అది ఎవరి ఇంటి ముందు నుంచో తెచ్చినదే అయి ఉంటుంది. మీవారు ఉద్యోగంలో చేరగానే కంపెనీ సైకిల్ లీజు ఇస్తుందా అని అడగమనండి. 2020 నుంచి ఉన్న పద్ధతి ప్రకారం సైకిల్ ధరలో 7 శాతాన్ని ఏడాదికి ఆదాయంలో కలిపి, దాని మీద మాత్రమే పన్ను వేస్తారు. సొంత సైకిల్ మీద ఆఫీసుకు వెళ్ళినా కిలోమీటరుకు ఇంత అని పన్ను లేకుండా ఇచ్చే కంపెనీలు ఉన్నాయి.

సెలవు రోజున పిల్లలతో నూనెన్ వెళ్ళి రండి. చిత్రకారుడు వాన్ గో 1883 నుంచి రెండేళ్ళు ఉన్న ఊరు అది, మా ఊరి పక్కనే. ఆ దారిలో 2014లో వేసిన ఒక సైకిల్ బాటలో పగలు వెలుతురు పీల్చుకుని రాత్రి మెరిసే వేల రాళ్ళు పొదిగారు. చీకటి పడ్డాక వెళ్ళాలి. దారి తప్పుతామన్న భయం అక్కర్లేదు. దేశమంతటా సైకిల్ కూడళ్ళకు అంకెలు వేసి ఉంటాయి, బయలుదేరే ముందు ఆ అంకెలు వరుసగా చీటీ మీద రాసుకుంటే చాలు. ఈ పద్ధతిని మొదట 1995లో పక్కనే ఉన్న బెల్జియంలో ఒక గని ఇంజినీరు ఆలోచనతో పెట్టారు. మా ఇంట్లో అంకెలు చదివి దారి చెప్పే పని చిన్నవాడిది.

చివరగా మీ ఇద్దరి లైసెన్సుల గురించి, ఎందుకంటే దీనికి గడువు ఉంది. మన లైసెన్సు మీరు మునిసిపాలిటీలో నమోదైనప్పటి నుంచి 185 రోజులు మాత్రమే చెల్లుతుంది. విదేశాల నుంచి వచ్చే నిపుణ ఉద్యోగులకు ఇచ్చే 30 శాతం పన్ను రాయితీ మీవారికి మంజూరైతే, ఆయనా మీరూ పరీక్ష లేకుండానే డచ్చి లైసెన్సుగా మార్చుకోవచ్చు, ఇచ్చే కార్డులో మోటార్‌సైకిల్ విభాగం కూడా ఉంటుందో లేదో దరఖాస్తు ఇచ్చే రోజునే అడగండి. రాయితీ లేకపోతే మోటార్‌సైకిల్‌కు సిద్ధాంత పరీక్ష, బండి అదుపు పరీక్ష, రోడ్డు పరీక్ష మూడూ రాయాలి, శిక్షణ ఖర్చు కూడా బాగానే అవుతుంది. కాబట్టి హైదరాబాద్‌లో ఉండగానే ఇద్దరి లైసెన్సుల గడువు చూసుకుని, అవసరమైతే పునరుద్ధరించుకుని బయలుదేరండి. పాప పాత సైకిల్‌ను సామానులో వేసుకుని తీసుకురావద్దు, ఇక్కడ ఆమె ఎత్తుకు తగినది పాతది తక్కువ ధరకే దొరుకుతుంది. ఇంకేమైనా తెలుసుకోవాలంటే ఇక్కడే అడగండి, తప్పకుండా చెబుతాను.